ఎక్కడో ఉన్న పాఠకుడి కోసం రాతప్రతి



పరిశోధన పత్రికకు వ్యాసం ఎలా సిద్ధం చేయాలో చెప్పమని నన్ను పిలిచారు. భీమవరంలో ఈ మాట చెప్పాలంటే ఒక పేపరుతోనే మొదలుపెట్టాలి. 1895 జనవరి 12న ఈ ఊళ్లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి మందుల గురించి మీరు చాలాసార్లు విని ఉంటారు. ఫోలిక్ యాసిడ్, బోదకాలు మందు, పిల్లల రక్తకాన్సరుకు తొలి మందు, ఇవన్నీ ఆయన పేరుతో ముడిపడినవే. ఆయన అంతకు ముందు, హార్వర్డ్ వైద్యకళాశాలలో ఉన్నప్పుడు, సైరస్ ఫిస్కేతో కలిసి ఒక వ్యాసం రాశారు. 1925లో 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ' 66వ సంపుటంలో, 375వ పేజీ నుంచి 400వ పేజీ దాకా వచ్చింది. అందులో మందు లేదు, జబ్బు లేదు. ఫాస్ఫరస్‌ను రంగుతో ఎలా కొలవాలో ఉంది, అంతే.

నూరేళ్లు దాటింది. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉదహరించిన వ్యాసాల్లో అది ఒకటి. అందులోని పద్ధతి ఇది: ద్రావణంలోని ఫాస్ఫేటు, ఆమ్లంలో మాలిబ్డేటుతో కలుస్తుంది. దాన్ని ఒక క్షయకరణి తగిలించి క్షయకరిస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కబడుతుంది. ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతులు అంతకు ముందూ ఉన్నాయి. కానీ ఈ వ్యాసాన్ని పక్కన పెట్టుకుని, రాసిన ఇద్దరినీ ఒక్క మాట అడగకుండా, ఏ దేశంలోని ప్రయోగశాలలోనైనా అదే నీలాన్ని తెప్పించుకోవచ్చు. ఆ వ్యాసం ఇన్నాళ్లు బతికిందంటే కారణం ఇదేనని నా నమ్మకం. రాతప్రతి తయారీ గురించి నేను చెప్పబోయే ప్రతి మాటా ఇక్కడి నుంచే వస్తుంది. మీరు రాసేది మీకు ఎన్నడూ ఎదురుపడని ఒక మనిషి కోసం. అతను మిమ్మల్ని ఫోన్లో అడగలేడు. కాగితం మీద ఉన్నదే అతనికి ఆధారం.

ఇది విశ్వవిద్యాలయాల వ్యవహారం, మాకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. ఈ సభలో డిగ్రీ కళాశాల అధ్యాపకులు ఉన్నారు, డాక్టర్లు ఉన్నారు, ఎమ్మెస్సీ పిల్లలు ఉన్నారు, రొయ్యల చెరువుల దగ్గర ల్యాబులు నడిపేవాళ్లూ ఉన్నారు. ఈ ఊరి చుట్టూ ప్రతి పంటకూ ఎంత పరిశీలన జరుగుతుందో నాకు తెలుసు. ఏ నెలలో నీరు ఎలా మారింది, ఏ మేతకు ఏమైంది, తెల్లమచ్చ తెగులు ఎక్కడ మొదలైంది, ఇవన్నీ మీ నోటి మీదుంటాయి. అవి వియత్నాంలోనూ ఈక్వెడార్‌లోనూ రొయ్యలు పెంచేవాళ్లకు పనికొచ్చే సంగతులు. అక్కడిదాకా వెళ్లకుండా ఇక్కడే ఆగిపోతున్నాయి. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

కాబట్టి ఒక ఉదాహరణ అనుకుందాం. ఇక్కడి కళాశాల అధ్యాపకురాలు ఒకరు, విద్యార్థులతో కలిసి, ఏడాది పాటు కొన్ని రొయ్యల చెరువుల నీటిలో ఫాస్ఫేటు కొలిచారు. నీటి పరీక్షల్లో ఇవాళ మనం ఎక్కువగా వాడేది 1962లో మర్ఫీ, రైలీ ఇచ్చిన పద్ధతి. అందులో క్షయకరణి ఆస్కార్బిక్ ఆమ్లం. మాలిబ్డినం నీలం మాత్రం అదే. సుబ్బారావు గారు పుట్టిన ఊరి చెరువుల్లో ఆ నీలమే ఇంకా పలుకుతోందన్నమాట. ఇప్పుడు ఆమె దగ్గర అంకెలున్నాయి, వ్యాసం రాయాలి.

చాలామంది ముందుగా ఉపోద్ఘాతం రాస్తారు. రొయ్యల పెంపకం చరిత్ర, దేశ ఎగుమతులు, నీటి ప్రాముఖ్యం అంటూ మూడు పేజీలు పోతాయి. నేనైతే పద్ధతులు అన్న భాగంతోనే మొదలుపెట్టమంటాను. అక్కడ అలంకారాలకు చోటుండదు, చేసిన పని మాత్రమే కళ్లముందుంటుంది. నీళ్లు ఏ లోతు నుంచి తీశారు? ఎన్ని గంటలకు తీశారు? మేత వేయకముందా, వేశాకా? సీసాలు ఎలా కడిగారు? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. మనం గిన్నెలు, సీసాలు కడిగే డిటర్జెంట్లలో ఫాస్ఫేటు ఉండే అవకాశం ఉంది. దానితో కడిగిన సీసాలో తెచ్చిన నీళ్లలో ఫాస్ఫేటు ఎక్కువగా కనిపిస్తే అది చెరువుదా, సబ్బుదా? అందుకే పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, ఆ తర్వాత స్వేదనజలంతో చాలాసార్లు తొలిచామని ఒక్క వాక్యం రాయాలి. ఆ వాక్యం లేకపోతే ఏడాది శ్రమ మీద సమీక్షకుడు ఒక్క ప్రశ్న వేస్తాడు, మీ దగ్గర జవాబుండదు.

నీళ్లు వడగట్టారా? ఏ రంధ్రాల వడపోత కాగితంతో? వడగడితే వచ్చేది కరిగి ఉన్న ఫాస్ఫేటు, వడగట్టకపోతే మట్టికి, నాచుకు అంటుకున్నదీ కలిసి వస్తుంది. రెండూ వేర్వేరు అంకెలు. నమూనాను ఎంతసేపు, ఎంత చల్లదనంలో ఉంచారు? పరికరం ఏ తరంగదైర్ఘ్యం దగ్గర చదివారు? ప్రామాణిక ద్రావణాలు ఎన్ని గాఢతల్లో తయారుచేశారు? ఇవన్నీ మీ నోటుపుస్తకంలో ఉంటాయి. లేకపోతే రేపటి నుంచి ఉండాలి. పద్ధతుల భాగం రాయడం వ్యాసం రాసే రోజు మొదలుకాదు, మొదటి సీసా చెరువులో ముంచిన రోజునే మొదలవుతుంది.

రొయ్య అని రాస్తే సరిపోదు, వెనామీ అన్న వాడుక పేరూ సరిపోదు. శాస్త్రీయ నామం పూర్తిగా, ఇటాలిక్ అక్షరాల్లో, ప్రజాతి పేరు మొదటి అక్షరం పెద్దదిగా, జాతి పేరు చిన్న అక్షరంతో రాయాలి. ఈక్వెడార్ పాఠకుడు మీరు ఏ జంతువు గురించి మాట్లాడుతున్నారో పొరబడకుండా ఉండేది అందుకే.

ఇప్పుడు ఫలితాల సంగతి. ఇక్కడ సుబ్బారావు గారి దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. వాళ్ల పద్ధతితో కండరాల సారాన్ని పరీక్షిస్తే నీలం మామూలు వేగంతో రాలేదు, ఆలస్యమైంది. చేతిలో కొత్త పద్ధతి, దాని మీద ప్రచురించిన వ్యాసం. ఆ వింతను నమూనా చెడిందని పక్కన పడేయడం ఎవరికైనా తేలిక. ఫిస్కే, సుబ్బారావు దాన్ని వదల్లేదు. ఆ ఆలస్యం వెంటపడి, కండరంలో అప్పటిదాకా తెలియని ఒక పదార్థాన్ని పట్టుకున్నారు. ఫాస్ఫోక్రియేటిన్ అనే ఆ పదార్థం సంగతి 1927లో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. ఇంగ్లాండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఆ ఏడాదే దాని ఆనవాళ్లు పట్టారు. కండరానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న అవగాహననే అది మార్చింది.

మీ పట్టికలో ఒక చెరువు మిగతా చెరువులతో కలవకపోతే దాన్ని తీసేయకండి. తీసేయడానికి కారణముంటే, తీసేశామని, ఎందుకు తీసేశామో రాయండి. అన్ని అంకెలూ అందంగా ఒకే గీత మీద కూర్చున్న రాతప్రతిని చూస్తే అనుభవం ఉన్న సమీక్షకుడికి నమ్మకం కలగదు, అనుమానం కలుగుతుంది.

అంకెల గురించి మరొక్క మాట. కాలిక్యులేటర్ చూపించిందని లీటరుకు 0.247613 మిల్లీగ్రాములు అని రాస్తారు. మీ పరికరానికి, మీ పిపెట్టుకు అంత సూక్ష్మత ఉందా? ఉన్నంతవరకే రాయాలి. సగటు పక్కన ప్లస్ ఆర్ మైనస్ గుర్తు వేసి ఒక అంకె పెడతారు, అది ప్రామాణిక విచలనమో ప్రామాణిక దోషమో చెప్పరు. రెండోది ఎప్పుడూ చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టి, చెప్పకపోతే పాఠకుణ్ణి తప్పుదోవ పట్టించినట్టే. పట్టికలో ఉన్నదాన్నే మళ్లీ గ్రాఫుగా గీసి, మళ్లీ వాక్యాల్లో చదివి వినిపించవద్దు. ఒక సంగతికి ఒక చోటు చాలు.

ఫలితాల తర్వాత వచ్చే చర్చలో మీరు కొలిచినది దాటి ఒక్క అడుగు వేయవచ్చు, పది అడుగులు వేయకూడదు. ఉపోద్ఘాతం అన్నిటికన్నా చివర రాసుకోండి, పేజీ చాలు. సంగ్రహంలో, అంటే అబ్‌స్ట్రాక్టులో, అంకెలు ఉండాలి. 'ఫలితాలు చర్చించబడ్డాయి' అన్న వాక్యం అక్కడ కనిపిస్తే కొట్టేయండి. ఎందుకంటే వ్యాసం మొత్తం కొనుక్కోలేని పాఠకుడు చదవగలిగేది అదొక్కటే.

ఇక ఫార్మాటింగు. అందరికీ విసుగు పుట్టించేది ఇదే. ఫలానా ఫాంటు, రెండింతల ఎడం, వరుసల నెంబర్లు, పట్టికలు చివర, బొమ్మలు విడి ఫైళ్లుగా, రిఫరెన్సులు ఇలా, కామా ఇక్కడ, చుక్క అక్కడ. పరిశోధన చేసేవాడికి ఈ గుమాస్తా పని ఎందుకని మంచి విద్యార్థులు నాతో కోపంగా అన్నారు. ఒక్కొక్కదానికీ కారణముంది. వరుసల మధ్య ఎడం సమీక్షకుడు రాసుకోవడానికి. వరుసల నెంబర్లు, '212వ వరుసలో ఈ మాట సరికాదు' అని అతను చెప్పగలిగేందుకు. బొమ్మలు విడిగా అడిగేది అచ్చులో అక్షరాలు మసకబారకుండా.

ఈ నియమాల వెనక రచయితల పట్ల దయ కూడా ఉందంటే నమ్మండి. టైపు మిషన్ల కాలంలో ఒక జర్నల్ తిరస్కరిస్తే ఇంకో జర్నల్ పద్ధతిలో వ్యాసం మొత్తం తిరిగి టైపు చేయించాల్సి వచ్చేది. 1978లో కొందరు వైద్యపత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవర్‌లో కూర్చుని, మనందరం ఒకే రకం రాతప్రతిని అంగీకరిద్దామని నిర్ణయించుకున్నారు. ఆ మరుసటి ఏడాది నియమాలు అచ్చువేశారు. వాక్యంలో అంకె వేసి, చివర అదే వరుసలో మూలాలు రాసే పద్ధతిని వాంకూవర్ పద్ధతి అని అందుకే అంటున్నాం. ఆ బృందమే అంతర్జాతీయ వైద్యపత్రికా సంపాదకుల సంఘంగా ఎదిగింది. మీరు పంపదలచుకున్న జర్నల్ 'రచయితలకు సూచనలు' అన్న పేజీని ముద్రించుకుని, పెన్సిలు పట్టుకుని చదవండి. అదే జర్నల్లో ఈ మధ్య వచ్చిన రెండు వ్యాసాలను ఎదురుగా పెట్టుకోండి. ఒక మధ్యాహ్నం పని. ఆ మధ్యాహ్నాన్ని మిగుల్చుకోబోయి, సమీక్షకుడి దాకా వెళ్లకుండానే వెనక్కి వచ్చిన మంచి రాతప్రతులను సంపాదకవర్గంలో ఉన్న రోజుల్లో నేను చూశాను.

రిఫరెన్సుల దగ్గర నాకు మొహమాటం లేదు. చదవనిదాన్ని ఉదహరించకూడదు. ఒకరు తప్పుగా రాసిన పేజీ నెంబరును పదిమంది కాపీ కొడుతూ పోతారు, ఏ ఒక్కరూ అసలు వ్యాసం తెరవలేదని దాన్ని బట్టే తెలిసిపోతుంది. జొటెరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, పిల్లలు వారంలో నేర్చుకుంటారు. ఈ మధ్య చాట్‌బాట్లను అడిగి రిఫరెన్సులు తెచ్చుకుంటున్నారు. అవి అసలు లేని వ్యాసాలకు కూడా పేరు, సంపుటం, పేజీలు కల్పించి ఇవ్వగలవు. ప్రతి ఒక్కటీ తెరిచి చూడాల్సిందే. ఆ పరికరాలను రచయితగా పేర్కొనరాదని, వాడితే వాడామని చెప్పాలని, ఇందాక చెప్పిన సంపాదకుల సంఘం 2023లో స్పష్టంగా రాసింది.

రచయితలు ఎవరు అన్న ప్రశ్నకూ ఆ సంఘం నాలుగు షరతులు పెట్టింది. పనిలో గట్టి పాలు ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చేయి ఉండాలి, చివరి ప్రతిని ఆమోదించాలి, అందులోని ప్రతి మాటకూ జవాబుదారీ అవ్వాలి. నాలుగూ ఉండాలి. విభాగాధిపతి గనక, గైడు గారి స్నేహితుడు గనక, ప్రమోషనుకు కావాలి గనక పేరు చేర్చడం అన్యాయం. ఎండలో చెరువుగట్టున నిలబడి నమూనాలు తీసి, అంకెలు లెక్కగట్టిన విద్యార్థినికి రాతలోనూ చోటిచ్చి, రచయితగా నిలబెట్టాలి. ఆమెను కృతజ్ఞతల్లో ఒక వరుసతో సరిపెట్టడం అంతకన్నా పెద్ద అన్యాయం. చెరువు చూపించిన రైతుకు, ఆయన ఒప్పుకుంటే, కృతజ్ఞతల్లో పేరు పెట్టండి.

పేరంటే గుర్తొచ్చింది, మన తెలుగువాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. జర్నల్ ఫారంలో 'లాస్ట్ నేమ్' అని అడుగుతారు. చివరున్న పేరే కదా అని మనం పెట్టిన పేరు రాస్తాం. ప్రపంచమంతా దాన్ని ఇంటిపేరుగా తీసుకుంటుంది. సుబ్బారావు గారి విషయంలో అదే జరిగింది. వేలకొద్దీ రిఫరెన్సు జాబితాల్లో ఆయన 'సుబ్బారో, వై.' యల్లాప్రగడ అన్న వంశనామం ఒక్క అక్షరమైంది. ఇంగ్లీషులో ఆ పేరును కలిపి ఒకరు, విడదీసి ఒకరు, మధ్యలో పెద్ద అక్షరంతో ఒకరు రాశారు. ఆయన వ్యాసాలన్నీ వెతికి ఒకచోట చేర్చాలంటే ఈ రూపాలన్నీ వేసి చూడాలి. మీరు మొదటి వ్యాసం పంపే ముందే ఇంట్లో కూర్చుని ఒక రూపం నిర్ణయించుకోండి. ఏది పెట్టుకున్నా ఫరవాలేదు, జీవితాంతం అదే ఉండాలి. పెళ్లితో ఇంటిపేరు మారే ఆడపిల్లలకు ఇది మరీ ముఖ్యం. ఆధార్ కార్డులో ఏది మారినా, వ్యాసాల మీద పేరు మార్చవద్దమ్మా. 2012 నుంచి ఆర్కిడ్ అనే పదహారంకెల నెంబరు ఉచితంగా ఇస్తున్నారు. పేరు ఎలా మారినా ఆ నెంబరు మిమ్మల్ని వదలదు. ఈ రాత్రే తీసుకోవచ్చు.

ఎక్కడికి పంపాలి అన్నది పెద్ద విషయం, ఇవాళ కొంచెమే చెబుతాను. 'మూడు రోజుల్లో ప్రచురణ, ఇంత ఫీజు' అని మెసేజీలు వస్తాయి. 2013లో 'సైన్స్' పత్రిక తరఫున జాన్ బొహానన్ అనే ఆయన, కావాలని ఘోరమైన తప్పులు పెట్టి కల్పించిన ఒక వ్యాసాన్ని 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపాడు. 157 అంగీకరించాయి. అలాంటి చోట పడితే మీ నిజమైన పనికి కూడా విలువ పోతుంది, మళ్లీ వెనక్కి తీసుకోవడం కష్టమవుతుంది. మీ వ్యాసంలో మీరు ఉదహరించిన వ్యాసాలు ఏ జర్నళ్లలో వచ్చాయో చూడండి, మీ పాఠకుడు అక్కడే ఉంటాడు. రచయిత దగ్గర పైసా తీసుకోని మంచి జర్నళ్లు మన దేశంలోనూ ఉన్నాయి. ఒకేసారి రెండు చోట్లకు మాత్రం పంపకండి.

పంపాక నెలలు గడుస్తాయి. తర్వాత సమీక్షకుల అభిప్రాయాలతో ఉత్తరం వస్తుంది. మొదటిసారి చదివితే ముఖం మాడుతుంది. ఇక్కడ రామానుజన్‌ను తలుచుకోండి. 1911లో ఆయన మొదటి పరిశోధన వ్యాసం, బెర్నూలీ సంఖ్యల మీద, 'జర్నల్ ఆఫ్ ది ఇండియన్ మేథమెటికల్ సొసైటీ'లో వచ్చింది. సంపాదకులు ఎం.టి. నారాయణ అయ్యంగార్. రామానుజన్ పద్ధతులు ఎంత కొత్తవో, రాత అంత క్లుప్తం, అంత అస్పష్టం. మామూలు గణితపాఠకుడు వెంట నడవలేడని అయ్యంగార్‌కు అర్థమైంది. వ్యాసం ఇద్దరి మధ్యా పలుమార్లు అటూ ఇటూ తిరిగింది. రామానుజన్‌కే వివరంగా రాయమని చెప్పాల్సి వచ్చిందంటే, చెప్పించుకోవడంలో మనకు చిన్నతనమేముంది? ఆ సంపాదకుడి ఓపికకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. ఆ పేజీలు అచ్చయి ఉండకపోతే ఆ యువకుడి ప్రతిభ మద్రాసులో ఎంతమందికి తెలిసేదో.

సమీక్షకుడి ప్రతి మాటనూ నెంబరు వేసి దింపుకోండి. ప్రతిదాని కింద మీరేం మార్చారో, ఏ వరుసలో మార్చారో రాయండి. ఒప్పుకోలేనిదుంటే ఆధారం చూపించి మర్యాదగా కాదనండి, సంపాదకులు దాన్ని గౌరవిస్తారు. అతను అపార్థం చేసుకున్నాడనిపిస్తే మీ వాక్యం అందుకు చోటిచ్చిందేమో చూడండి. అంత శ్రద్ధగా చదివిన ఒక మనిషికి తప్పుగా అర్థమైనది మిగతా వాళ్లకూ అవుతుంది.

అంగీకారం వచ్చాక ప్రూఫులు వస్తాయి, సాధారణంగా రెండు మూడు రోజుల్లో తిప్పి పంపమంటారు. సంబరంలో పైపైన చూసి పంపేస్తారు. ఇద్దరు కూర్చోండి. ఒకరు రాతప్రతి బిగ్గరగా చదవాలి, ఒకరు ప్రూఫు చూడాలి. పట్టికల్లో దశాంశ బిందువులు, ఇంటిపేర్లు, ప్రమాణాలు చూడండి. మైక్రోగ్రాముకు వేసే గ్రీకు అక్షరం ఫాంటు మారినప్పుడు మామూలు 'ఎం' అక్షరంగా మారిపోతే మైక్రోగ్రాము మిల్లీగ్రామవుతుంది, అంటే వెయ్యి రెట్లు. నీటిలో ఫాస్ఫేటుకు అది తప్పు లెక్క, మందు మోతాదుకైతే ప్రాణాంతకం.

చివరగా, ఉత్తరప్రత్యుత్తరాలకు ఇచ్చే ఈ-మెయిల్. ఉద్యోగం మారితే మూతపడే చిరునామా ఇవ్వవద్దు. ముడి అంకెలున్న నోటుపుస్తకాలు, ఫైళ్లు భద్రంగా ఉంచండి. రెండేళ్లకో పదేళ్లకో ఎవరో రాస్తారు: మీ పద్ధతి ప్రకారం చేశాం, మా చెరువుల్లో వేరే అంకె వస్తోంది, మీరు నీళ్లు మేతకు ముందు తీశారా అని. నోటుపుస్తకం తెరిచి, తేదీ చూసి, జవాబు రాయండి.

ఇక్కడికి రాతప్రతులు తెచ్చుకున్నవాళ్లు నలుగురైదుగురు ఉన్నట్టున్నారు. ముందు మీ ప్రశ్నలు వింటాను, తర్వాత ఆ బల్ల దగ్గర కూర్చుని పద్ధతుల భాగం కలిసి చదువుదాం.